గుండెను కాపాడువారు నోటిని గూడ చూడవలెను

ఇటీవలి సంవత్సరములలో హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణము వంటి నగరములలో నలుబది యేండ్లు దాటిన గృహస్థులు ఏటేట చేయించుకొను రక్తపరీక్షల పట్టికలో, చక్కెరకును కొలెస్టరాలునకును సరసన, హెచ్.ఎస్. సి.ఆర్.పి. యను పేరుతో ఒక క్రొత్త పంక్తి చోటు సంపాదించుకొన్నది. ఆ పంక్తి కెదురుగా నున్న అంకె కొంచెము హెచ్చుగా కనబడగానే రోగి కలవరపడి హృద్రోగ నిపుణుని యొద్దకు పోవును, ఆయన ఇ.సి.జి. తీయించును, ఎకో చేయించును, ట్రెడ్‌మిల్ మీద నడిపించి చూచును, ఉప్పును నూనెను తగ్గింపుమని చెప్పి మాత్రలు వ్రాయును. ఇవి యన్నియు చేయదగిన పనులే. వీనిలో దేనిని తప్పుపట్టుటకును వీలులేదు. కాని ఆ అంకెను పెంచుచున్న కారణములలో నొకటి ఆ రోగి నోటియందే, పండ్లకును చిగుళ్ళకును నడుమ, ఏండ్ల తరబడి నెలకొనియున్నదేమో యని యనుమానించి, ‘ఒక్కసారి నోరు తెరవండి’ అని యడుగు వైద్యుడు మన దేశమున మిక్కిలి యరుదు. చిగుళ్ళ వ్యాధిని దేహారోగ్యమునుండి విడదీసి చూచు ఈ యలవాటు శాస్త్రసమ్మతము గాదనియు, దీనిని మానుకొనుటకు ప్రజారోగ్య వ్యవస్థకు అట్టే ధనము గాని, క్రొత్త యంత్రములు గాని అక్కరలేదనియు చెప్పుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

ఆ అంకె దేనిని సూచించునో ముందుగా తెలిసికొనవలసియున్నది. 1930లో న్యూయార్కు నగరమందలి రాక్‌ఫెల్లర్ పరిశోధనాసంస్థలో విలియం టిల్లెట్, థామస్ ఫ్రాన్సిస్ అను ఇరువురు వైద్యులు న్యుమోనియా రోగుల రక్తరసమును పరిశీలించుచు, ఆ వ్యాధిని కలిగించు సూక్ష్మజీవినుండి వేరుచేసిన ‘సి’ అను శర్కరాపదార్థముతో దానిని కలిపినప్పుడు, వ్యాధి తీవ్రదశలో నున్నవారి రక్తరసము విరిగి అడుగున పేరుకొనుటయు, రోగి కోలుకొనిన పిదప ఆ గుణము మాయమగుటయు గమనించిరి. అట్లు బయటపడిన మాంసకృత్తే నేటి సి-రియాక్టివ్ ప్రోటీను. దీనిని తయారుచేయునది కాలేయము. దేహమున ఏ భాగమునందైనను గాయము తగిలినను, క్రిములు ప్రవేశించినను, అచ్చటి రక్షకకణములు ఇంటర్‌ల్యూకిన్-6 మొదలైన రసాయనములను రక్తములోనికి విడుచును. ఆ వార్త అందిన కొన్ని గంటలలోనే కాలేయము సి.ఆర్.పి.ని విస్తారముగా ఉత్పత్తి చేయ మొదలిడును. కావున ఇది ఏ యొక్క వ్యాధికిని ప్రత్యేక చిహ్నము కాదు. ఊరిలో నెచ్చటనో నిప్పంటుకొన్నదని చాటు దండోరావంటిది ఇది. ఎవరి యింట అంటుకొన్నదో చెప్పుట దాని పని గాదు, వెదకుట విన్నవారి పని.

చిరకాలము ఈ పరీక్షను జ్వరములయందును, కీళ్ళవాతమునందును మాత్రమే వాడుచుండిరి. రక్తములో నుండు అత్యల్ప పరిమాణమును సైతము కొలువగల సూక్ష్మపద్ధతులు వచ్చిన తరువాత, 1997లో బోస్టను నగరమునకు చెందిన పాల్ రిడ్కర్ అను వైద్యుడును ఆయన సహచరులును, అమెరికాలోని పురుష వైద్యులే పాత్రులుగా జరిగిన ఒక గొప్ప అధ్యయనమునందు భద్రపరచిన రక్తమును పరీక్షించి, ఆరోగ్యవంతులుగా నున్న కాలముననే సి.ఆర్.పి. హెచ్చుగా నుండిన నాలుగవవంతు మందికి, తక్కువగా నుండిన నాలుగవవంతు మందికంటె, తరువాతి సంవత్సరములలో గుండెపోటు సుమారు మూడు రెట్లును, పక్షవాతము సుమారు రెండు రెట్లును హెచ్చుగా వచ్చినట్లు కనుగొనిరి. ధమనుల గోడలలో క్రొవ్వు పేరుకొనుట కేవలము జిడ్డు నిలుచుట వంటిది గాదనియు, అచ్చట రక్షకకణములు చేరి, క్రొవ్వును మ్రింగి, వాపును రేపి, తుదకు ఆ గడ్డను పగిలించుననియు, ఇది మూలతః ఒక శోథవ్యాధి యనియు 1999లో రసెల్ రాస్ వ్రాసిన వ్యాసముతో ఈ దృష్టి వైద్యలోకమున స్థిరపడినది. లీటరునకు 1 మిల్లీగ్రాము లోపున నుండిన సి.ఆర్.పి. అపాయము తక్కువయనియు, 1 మొదలు 3 వరకు మధ్యమమనియు, 3 దాటినచో హెచ్చనియు 2003లో అమెరికా హృద్రోగ సంఘము వారు సూచించిరి. 10 దాటినచో అది అప్పటికప్పుడు వచ్చిన ఏదో సంక్రమణమును సూచించునది గావున, కొన్ని వారముల తరువాత మరల పరీక్షింపవలెననియు చెప్పిరి.

ఇక చిగుళ్ళ సంగతి. ఆరోగ్యముగా నున్న చిగురు లేత గులాబి వన్నె గలిగి పంటిని బిగువుగా అంటియుండును. రెంటికిని నడుమ సన్నని సందు ఒకటి యుండును. దాని లోతు 1 మొదలు 3 మిల్లీమీటర్లు. ఈ లోతును కొలుచుటకు దంతవైద్యులు వాడు సన్నని ప్రోబు కొనయందు అర మిల్లీమీటరు వ్యాసము గల చిన్న గుండును, దానికి పైన మూడున్నర మిల్లీమీటర్లనుండి ఐదున్నర మిల్లీమీటర్ల వరకు ఒక నల్లని పట్టీయు నుండును. వైద్యుడు దానిని పంటి ప్రక్కగా మెల్లగా దింపును. నల్లని పట్టీ సగము మునిగినచో చిగురు పంటినుండి వదలి గుంట పడినదనియు, పట్టీ పూర్తిగా కనబడకుండ పోయినచో ఆ గుంట 6 మిల్లీమీటర్లు గాని, అంతకు మించి గాని యున్నదనియు అర్థము. ప్రోబును పైకి తీసిన కొన్ని క్షణములకు ఆ చిగురంచున ఒక నెత్తుటి బొట్టు ఊరి, సన్నని గీతగా సాగి, రెండు పండ్ల నడిమి సందులో నిలుచును. రోగికి నొప్పి యుండదు. ఇంతకుముందు పండ్లు తోముకొనునప్పుడు ఉమ్మిలో ఎఱ్ఱదనము చూచియుండును గాని, వేడిచేసినదని యనుకొని మజ్జిగ త్రాగి ఊరకుండును.

ఆ గుంటలో నున్నదేమి? పంటిమీద ప్రతిదినము చేరు పాచి సూక్ష్మజీవుల సముదాయము. డచ్చి దేశస్థుడగు లీవెన్‌హుక్ 1683లోనే తన పండ్లనుండి గీచిన పాచిని తాను చేసికొన్న భూతద్దము క్రింద నుంచి, అందు కదలాడు జీవులను చూచి, ఆ సంగతిని లండనులోని రాయల్ సొసైటీకి వ్రాసి పంపెను. తోమక విడిచిన పాచి, లాలాజలములోని సున్నపు లవణములు చేరి గట్టిపడి గార యగును. గార మీద మరల పాచి చేరును. అది చిగురు క్రిందికి దిగును. గాలి చొరని ఆ లోతులో పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్ వంటి క్రిములు వృద్ధి పొందును. వీనిని తుదముట్టింపవలెనని వచ్చిన రక్షకకణములు క్రిములను పూర్తిగా గెలువజాలక, నిరంతర యుద్ధమున తమ చుట్టునున్న బంధనతంతువులను, పంటిని నిలబెట్టు దవడ యెముకను సైతము కరగించివేయును. వ్యాధి నోరంతయు వ్యాపించినవారిలో ఈ గుంటల లోపలి పొరను లెక్కగట్టిన పరిశోధకులు, అది 8 మొదలు 20 చదరపు సెంటీమీటర్ల వరకు నుండవచ్చునని అంచనా వేసిరి. అంత వైశాల్యము గల వ్రణము కాలి మీద నుండినచో మందు వేయకుండ మానువాడుండడు; నోటిలో మరుగున నున్నది గావున అది రోగమని యెవరికిని తోచదు.

ఈ వ్యాధి ఎట్లు పుట్టి యెట్లు పెరుగునో తెలిపిన పరిశోధకులలో హెరాల్డ్ లో అనునాయన అగ్రగణ్యుడు. డెన్మార్కులోని ఆర్హుస్ నగరమున ఆయనయు సహచరులును 1965లో ప్రకటించిన ప్రయోగములో, ఆరోగ్యవంతులైన పండ్రెండుగురు పండ్లు తోముట మానగా, 10 మొదలు 21 దినముల లోపల అందఱికిని చిగుళ్ళు వాచినవి. మరల తోముకొనగా వాపు తగ్గిపోయినది. చిగురువాపునకు పాచియే కారణమని ఇంతకంటె సూటిగా నిరూపించుట కష్టము. తరువాత ఆయనయే 1970 మొదలు 1985 వరకు సింహళద్వీపమునందలి తేయాకు తోటలలో పని చేయుచు, దంతధావన సాధనములు గాని, దంతవైద్యము గాని యెరుగని 480 మంది కూలీలను వెంబడించి పరిశీలించెను. వారికి పుచ్చుపండ్లు దాదాపు లేవు. కాని నూటికి 8 మందిలో చిగుళ్ళ వ్యాధి అతివేగముగా పెరిగి నడివయస్సు నాటికే పండ్లూడిపోయినవి. 81 మందిలో మధ్యమవేగమున పెరిగినది. 11 మందిలో మాత్రము చిగురువాపునకు మించి ముదరలేదు. ఒకే తోటలో ఒకే యాహారము తిని, ఒకే విధముగా పాచిని విడిచినవారిలో ఇంత భేదముండుటకు క్రిములు మాత్రమే గాక, వానికి ఎదురు నిలుచు దేహము యొక్క స్వభావమును కారణమని ఈ పరిశీలన తెలిపినది. హృద్రోగమునకును చిగుళ్ళ వ్యాధికిని గల బాంధవ్యమును ఆలోచించునప్పుడు ఈ విషయము మరువరానిది.

ఆ బాంధవ్యమును స్పష్టముగా ముందునకు తెచ్చినవారు ఫిన్లాండు దేశస్థులు. 1989లో కిమ్మో మట్టిలా మొదలగువారు హెల్సింకీ నగరమున గుండెపోటు వచ్చిన 100 మంది నోళ్ళను, అట్టి జబ్బు లేని 102 మంది నోళ్ళతో పోల్చి, రోగుల దంతారోగ్యము హీనముగా నున్నట్లును, వయస్సు, పొగత్రాగుడు, కొలెస్టరాలు మొదలైనవానిని లెక్కలోనికి తీసికొన్నను ఆ భేదము నిలిచియున్నట్లును ప్రకటించిరి. అప్పటినుండి అనేక దేశములలో ఇట్టి పరిశీలనలు జరిగినవి. వానిలో జాగ్రత్తగా చేసినది స్వీడను దేశమున 2016లో వెలువడిన అధ్యయనము: మొదటిసారి గుండెపోటు వచ్చిన 805 మందిని, అదే వయస్సు, అదే లింగము, అదే ప్రాంతమునకు చెందిన 805 మంది ఆరోగ్యవంతులతో జతపరచి, దవడలకు ఎక్స్‌రే తీసి యెముక తరుగును కొలిచిరి. రోగులలో నూటికి 43 మందికిని, ఇతరులలో నూటికి 33 మందికిని చిగుళ్ళ వ్యాధి కనబడినది; పొగాకు, మధుమేహము, విద్య మొదలైన భేదములను సవరించిన పిదప గూడ, ఈ వ్యాధి గలవారికి గుండెపోటు సంభావ్యత సుమారు నూటికి 28 పాళ్ళు హెచ్చుగా తేలినది. ఇది కొట్టివేయదగినంత స్వల్పము గాదు. కాని భయోత్పాతము కలిగింపదగినంత పెద్దదియు గాదు.

చిగురునుండి గుండెకు దారి రెండు విధములుగా నుండవచ్చునని శాస్త్రజ్ఞులు భావించుచున్నారు. మొదటిది, నమలునప్పుడును తోముకొనునప్పుడును గుంటలలోని క్రిములే రక్తములోనికి ప్రవేశించుట. ధమనులనుండి శస్త్రచికిత్సచే తీసిన క్రొవ్వుగడ్డలలో ఆ నోటిక్రిముల జాడలు దొరకినవి. రెండవది, గుంటలలోని నిరంతర శోథమునుండి పుట్టిన రసాయనములు కాలేయమును మేల్కొలిపి, సి.ఆర్.పి.ని పెంచి, రక్తనాళముల లోపలి పొరను బాధించుట. ఈ రెండవ దారిని పరీక్షించిన ప్రయోగములలో లండను నగరమున మౌరిజియో టొనెట్టి ప్రభృతులు జరిపి 2007లో ప్రకటించినది విశేషముగా చెప్పదగినది. తీవ్రమైన చిగుళ్ళ వ్యాధి గల 120 మందిని రెండు భాగములుగా జేసి, ఒక భాగమునకు మామూలు శుభ్రతయు, మరియొక భాగమునకు లోతైన గారతీతయు, నిలువజాలని పండ్ల తొలగింపును, గుంటలలో క్రిమినాశక ఔషధమును ఇచ్చిరి. పిదప చేతి ధమనిని కొంతసేపు పట్టీతో నొక్కి విడిచి, అది యెంత విప్పారుచున్నదో అల్ట్రాసౌండుతో కొలిచిరి. నాళపు లోపలి పొర ఆరోగ్యముగా నుండినచో ధమని బాగుగ విప్పారును. చికిత్స జరిగిన మరునాడు ధమని మునుపటికంటె తక్కువగా విప్పారెను, సి.ఆర్.పి. పెరిగెను, ఏలయనగా గుంటలను గీచుటయే అప్పటికి ఒక గాయము. కాని 60 దినములు గడచుసరికి స్థితి తారుమారై, ఆరు నెలలకు లోతైన చికిత్స పొందినవారి ధమనులు ఇతరుల ధమనులకంటె స్పష్టముగా మెఱుగుగా విప్పారినవి. నోటిలో చేసిన పనికి ఫలము చేతి నాడిలో కనబడినది. దేహమంతయు ఒకటే యనుటకు ఇంతకంటె ప్రత్యక్షమైన సాక్ష్యము నాకు తోచదు.

అయినను, ఇంతమాత్రమున చిగుళ్ళ వ్యాధి గుండెపోటునకు కారణమని నిశ్చయించుట తొందరపాటు. పొగాకు రెండింటికిని మూలము; ముదిమి రెండింటికిని మూలము; మధుమేహము, దారిద్ర్యము, అల్పవిద్య రెండింటికిని తోడ్పడును. మన ప్రాంతముననే చూడుడు: చుట్ట, బీడీ, ఖైనీ, గుట్కా వాడువారి చిగుళ్ళును గుండెలును ఒక్కమారే చెడుచుండును. ఉత్తరాంధ్ర తీరమున చుట్ట నిప్పుకొనను నోటిలోపల నుంచి పీల్చు అడ్డపొగ స్త్రీల అంగుటిని ఎట్లు పుండుచేయునో మన వైద్యులు ఎప్పటినుండియో చెప్పుచున్నారు. పొగాకు చేయు మోసము మరియొకటి కలదు: అది చిగుళ్ళలోని సన్నని నాళములను కుదించి నెత్తురు కారుటను తగ్గించును గావున, లోపల యెముక కరగుచున్నను పైకి చిగురు బాగుగానే యున్నట్లు కనబడును. ఇట్టి కారణములను లెక్కలలో ఎంత సవరించినను కొంత శేషము మిగులక మానదు. అందుచేతనే 2012లో అమెరికా హృద్రోగ సంఘము, రెండు వ్యాధులకును సంబంధమున్నమాట నిజమే గాని, ఒకటి మరియొకదానిని కలిగించుననుటకు గాని, చిగుళ్ళ చికిత్సచే గుండెపోటు ఆగుననుటకు గాని చాలినంత ప్రమాణము లేదని తీర్పు చెప్పినది. ఆ తీర్పును త్రోసిపుచ్చగల పెద్ద ప్రయోగము నేటివరకు జరుగలేదు.

సి.ఆర్.పి. విషయమునను ఇట్టి వివేకమే కావలెను. పుట్టుకతోడనే జన్యుభేదమువలన సి.ఆర్.పి. హెచ్చుగా నుండువారికి హృద్రోగము హెచ్చుగా రాలేదని పెక్కు పరిశోధనలు తేల్చినవి. కావున అది సాక్షియే గాని నేరస్థుడు గాదు. కాని దానికి వెనుక నున్న శోథము మాత్రము నిర్దోషి గాదు. 2017లో ప్రకటితమైన కాంటోస్ అను ప్రయోగమున, పూర్వము గుండెపోటు వచ్చి, సి.ఆర్.పి. 2కు తగ్గని 10,061 మందికి, కొలెస్టరాలును ఏ మాత్రము తగ్గింపక శోథమును మాత్రమే అణచు కనాకినుమాబ్ అను ఔషధమునిచ్చి చూడగా, మధ్యమ మోతాదున గుండెపోటు, పక్షవాతము, హృదయసంబంధ మరణములు నూటికి 15 పాళ్ళు తగ్గినవి. అయితే ఆ మందు పుచ్చుకొన్నవారిలో ప్రాణాంతకమైన సంక్రమణములు కొంత పెరిగినవి. దేహరక్షకమైన శోథమును మందుచే మూకుమ్మడిగా అణచుటలో నున్న ప్రమాదమిది. అందుకే, అనవసరముగా శోథమును రేపుచున్న మూలమును వెదకి, దానిని తొలగించుట అన్నివిధముల శ్రేయస్కరమైన మార్గము. అట్టి మూలములలో చిగురు సులభముగా కనబడునది, సులభముగా బాగుచేయదగినది.

ఇచ్చట చరిత్ర నేర్పిన పాఠమొకటి మనలను జాగ్రత్తపెట్టవలెను. 1910లో విలియం హంటర్ అను ఆంగ్లవైద్యుడు కెనడాలోని మాంట్రియల్ నగరమున ఉపన్యసించుచు, నోటిలోని చీము దేహమున అనేక వ్యాధులకు మూలమని గట్టిగా వాదించెను. ఆ వాదము అమెరికాలో దావానలమై వ్యాపించినది. కీళ్ళనొప్పులకు, అజీర్ణమునకు, తుదకు మతిభ్రంశమునకు సైతము పండ్లే కారణమని నమ్మి, లక్షలాది ఆరోగ్యవంతమైన పండ్లను ఊడబెరికిరి. న్యూజెర్సీలోని ట్రెంటన్ మానసిక చికిత్సాలయమున హెన్రీ కాటన్ అను వైద్యాధికారి రోగుల పండ్లు పెరికి, అవి చాలక ప్రేవులను సైతము కోసివేయగా అనేకులు ప్రాణములు గోల్పోయిరి. రెండు దశాబ్దములు గడచిన మీదట, జాగ్రత్తగా లెక్కించి చూచిన వైద్యులు ఆ పండ్లు పెరుకుటవలన రోగులకు మేలు కలుగలేదని తేల్చిరి. నేడు ‘మీ చిగుళ్ళు మీ గుండెను చంపుచున్నవి’ అని ప్రకటించి, వేలకొలది రూపాయల పరీక్షలను, లేజరు చికిత్సలను అమ్మజూచువారు ఆ చరిత్రను చదువవలెను. భయము రేపి చేయు వ్యాపారము, నిర్లక్ష్యము కంటె తక్కువ హాని చేయదు.

మరి, నిశ్చయము లేనప్పుడు చేయవలసినదేమి? నా యభిప్రాయమున ప్రశ్న తప్పుగా వేయబడినది. గుండెకు మేలు కలుగుననుట నిరూపితమైననే గాని చిగుళ్ళకు చికిత్స అక్కరలేదనుకొనుట వింతయైన న్యాయము. చిగుళ్ళ వ్యాధి తనంతట తానే వ్యాధి. అది పండ్లను ఊడగొట్టును. పండ్లూడినవాడు జొన్నరొట్టెను, వేరుసెనగలను, పచ్చికూరలను విడిచి మెత్తని తెల్లన్నమునకు మరలును. అది వాని చక్కెరను మరింత పెంచును. ప్రపంచమున నూరు కోట్లకు మించిన జనులు తీవ్రమైన చిగుళ్ళ వ్యాధితో బాధపడుచున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రకటించినది. మధుమేహ రోగులలో చిగుళ్ళకు తగిన చికిత్స చేసినచో, మూడు నాలుగు నెలలకు, రక్తములోని సగటు చక్కెరను తెలుపు వారి హెచ్‌బిఎ1సి సుమారు 0.4 పాళ్ళు తగ్గుచున్నదనుటకు మంచి ప్రమాణము కలదు. ఒక్కొక మాత్ర వలన కలుగు లాభమునకు ఇది అట్టే తీసిపోదు. తెలుగునాట మధుమేహము ఇంటింటి మాట యైన ఈ దినములలో, ఈ యొక్క కారణము చాలును. గుండెకు గూడ మేలు జరిగినయెడల అది అదనపు లాభము.

అయినను ఈ సులభమైన పని జరుగకుండుటకు కారణము, నోటిని దేహమునుండి వేరుచేసిన వైద్యవిద్యావ్యవస్థ. 1840లో అమెరికాలోని బాల్టిమోరులో ప్రపంచపు మొదటి దంతవైద్య కళాశాల వైద్యకళాశాలలతో పొత్తులేక వేరుగా వెలసినది. మన దేశమున 1920లో డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ కలకత్తాలో మొదటి దంతవైద్య కళాశాలను స్థాపించెను. 1948లో దంతవైద్యుల చట్టము వచ్చినది. నేటికిని రెండు విద్యలకును రెండు నియంత్రణ సంస్థలు, రెండు పట్టాలు. ప్రత్యేక విద్యగా దంతవైద్యము పొందిన వికాసమును నేను తక్కువ చేయుటలేదు. కాని ఆ విభజన ఫలితముగా ఎం.బి.బి.ఎస్. చదువువాడు ప్రోబును పట్టి యెరుగడు, బి.డి.ఎస్. చదివినవాడు రోగి సి.ఆర్.పి.ని అడుగడు; రోగి మాత్రము ఒకే దేహముతో ఇద్దఱి గుమ్మములకును తిరుగుచుండును. మన ప్రాచీనులకు ఈ గోడ లేదు. సుశ్రుతుడు శస్త్రవైద్యమును చెప్పుచు, దంతమూలరోగములలో శీతాదమును, దంతవేష్టమును, ఉపకుశమును చేర్చి, చిగుళ్ళనుండి నెత్తురు స్రవించుటను, చీము కారుటను, పండ్లు కదలుటను ఇతర వ్యాధులతో సమానముగా వర్ణించెను.

ఈ గోడలో ద్వారమొకటి తెరచుటకు ప్రభుత్వమునకు ఇప్పటికే అవకాశమున్నది. అసాంక్రామిక వ్యాధుల జాతీయ కార్యక్రమము క్రింద, 30 యేండ్లు నిండిన వారందఱికిని రక్తపోటు, మధుమేహము, నోటి క్యాన్సరు, స్త్రీలకు రొమ్ము క్యాన్సరు, గర్భాశయముఖ క్యాన్సరు కలవేమో చూడవలెనని నియమము కలదు. అనగా గ్రామములోని ఆరోగ్యకార్యకర్త ఇప్పటికే టార్చిలైటు పట్టుకొని ప్రజల నోటిలోనికి చూచుచున్నది. తెల్లమచ్చలు, మానని పుండ్లు కలవేమో వెదకుచున్నది. ఆ చూపు చిగుళ్ళను దాటియే పోవుచున్నది. ఎఱ్ఱబారి వాచిన చిగురు, పండ్ల మొదళ్ళలో గార, కదలుచున్న పన్ను, తోముకొనునప్పుడు నెత్తురు వచ్చుచున్నదా యను ఒక ప్రశ్న, పొగాకు వాడుచున్నారా యను మరియొక ప్రశ్న: ఇంతే అదనముగా చేర్చవలసినది. 2014లో ప్రారంభమైన జాతీయ నోటి ఆరోగ్య కార్యక్రమమును దీనితో కలిపి నడిపినచో, ఆ పరీక్షలో తేలినవారికి గార తీయించుటకు జిల్లా, ప్రాంతీయ ఆస్పత్రులలోని దంతవైద్యులు ఉపయోగపడుదురు. హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లోను, విజయవాడలోను, కడపలోను ప్రభుత్వ దంతవైద్య కళాశాలలు కలవు. అచ్చటి విద్యార్థులు వారమున కొన్ని దినములు పల్లెలకు వచ్చి గార తీయుట వారి విద్యకును, ప్రజలకును మేలు. 2007లో ఆంధ్రప్రదేశమున ఆరోగ్యశ్రీ ప్రారంభమైననాటినుండి పేదల గుండెలకు లక్షల రూపాయల విలువ గల శస్త్రచికిత్సలు జరుగుచున్నవి. అది మన ప్రభుత్వములు గర్వింపదగిన పని. ఆ యుదారతలో లేశము చిగుళ్ళకు గూడ దక్కవలెనని కోరుట అత్యాశ గాదు.

వైద్యులను కోరవలసినవి మూడు. మధుమేహ రోగిని చూచిన ప్రతి వైద్యుడు, కన్నులను పాదములను చూచునట్లే, ఏటికొకసారి చిగుళ్ళను చూపించుకొని రమ్మని చీటి వ్రాయవలెను. గుండెలో కృత్రిమ కవాటములు గలవారి విషయమున జాగ్రత్త మరింత యవసరము. వారి రక్తములో ప్రవేశించిన నోటిక్రిములు నేరుగా కవాటమునకు అంటుకొని ఎండోకార్డైటిస్ అను ప్రాణాంతకమైన జబ్బును తేగలవు గావున, పన్ను తీయించుటకు ముందు యాంటిబయాటిక్ తీసికొనవలెనని వారికి ముందుగనే చెప్పియుంచవలెను. ఇక సి.ఆర్.పి. హెచ్చుగా వచ్చినప్పుడు, కారణము స్పష్టముగా లేనియెడల, మరియొక ఖరీదైన స్కానింగునకు పంపుటకు ముందు నోటిని చూపింపవలెను. అట్లే గుండెపోటు వచ్చి కొలది వారములైనను గడువని రోగికి తొందరపడి లోతైన గారతీత చేయక, హృదయవైద్యునితో సంప్రదించి సమయమును నిర్ణయించుకొనుట దంతవైద్యుని విధి. చికిత్స మరునాడు శోథము తాత్కాలికముగా పెరుగునని లండను ప్రయోగము చెప్పిన మాట మరువరాదు.

ప్రజలలో పాతుకొనిన భ్రమలను గూడ తొలగింపవలసియున్నది. ‘క్లీనింగు చేయిస్తే పళ్ళు కదులుతాయి, సందులు పడతాయి’ అనుమాట మన యిండ్లలో తరచు వినబడును. నిజమునకు, ఏండ్ల తరబడి గార పండ్ల నడుమ గోడగా నిలిచి, అప్పటికే యెముక తరిగి వదలిపోయిన పండ్లను తాత్కాలికముగా బిగించి యుంచును. దానిని తీసినప్పుడు వ్యాధి చేసిన నష్టము బయటపడునే గాని, తీయుట వలన నష్టము కలుగదు. వాపు తీయగానే చిగురు కొంత దిగుటచే సందు కనబడును. అది నయమగుటకు గురుతు. అట్లే చిగుళ్ళనుండి నెత్తురు వచ్చుచున్నదని భయపడి ఆ చోట తోముట మానివేయువారు కలరు; ఆ నెత్తురు అచ్చట పాచి నిలిచినదని చెప్పుచున్నది గావున, మెత్తని బ్రష్షుతో ఆ చోటనే మరింత శ్రద్ధగా తోమవలెను. ఇటుకపొడి, బొగ్గుపొడి, కచ్చిక పంటిని అరగదీయును, చిగురును గీచును. వేపపుల్ల మంచిదే, కాని పండ్ల సందులలోనికి అది పోదు. రాత్రి పరుండుటకు ముందు తోముట, సందులను శుభ్రపరచుట, ఏటికొకసారి గార తీయించుట, పొగాకును పూర్తిగా విడుచుట: ఇవియే చిగుళ్ళకు ఔషధములు. ఆర్హుస్ నగరమున నాడు పండ్రెండుగురికి బ్రష్షు చేసిన మేలు నేడు మన పల్లెలలో ఎవరికైనను చేయును.

చిగుళ్ళ వ్యాధిని మాన్పినచో గుండెపోటు ఎంతవరకు తగ్గునో రానున్న పరిశోధనలు తేల్చుగాక. వాని ఫలితము ఎట్లున్నను, నోటిలో నిరంతరము నెత్తురోడుచున్న వ్రణమును సహజమైన విషయముగా నెంచి ఊరకుండుట ఏ వైద్యశాస్త్రమునకును తగదు. హృదయవైద్యుడు కారణము దొరకని సి.ఆర్.పి.ని చూచి దంతవైద్యునకు వ్రాయు ఒక చీటి, గ్రామ కార్యకర్త నోటి క్యాన్సరు పత్రములో చేర్చు ఒక గడి, తండ్రి తన పిల్లలకు రాత్రి తోముట నేర్పు రెండు నిమిషములు: వీనికి బడ్జెట్టు ప్రకటనలు అక్కరలేదు, సంకల్పము చాలును. రెండు తెలుగు రాష్ట్రముల ఆరోగ్యశాఖలు ఈ సంవత్సరముననే తమ పరీక్షా పత్రములలో చిగుళ్ళకు చోటు కల్పింపవలెనని, మన వైద్య, దంతవైద్య సంఘములు కూర్చుండి ఉభయులకును సమ్మతమైన నియమావళిని వ్రాయవలెనని నా విన్నపము.